హీట్ పంపు గీజరు: ఏ ఇంటికి లాభం, ఏ ఇంటికి భారం?

వేన్నీళ్లు కాచుకునే పాత్రకు మనవాళ్ల ఇళ్లలో ఒక్కో ఊళ్లో ఒక్కో పేరు. కర్ణాటక వైపు హండే, తమిళనాడులో అండా, షోలాపూర్‌లో రాగి బంబు, యానాంలో పొయ్యి మీద డేగిసా. ఇప్పుడు ఇవన్నీ చాలా ఇళ్లలో అటకెక్కాయి. వాటి చోట హీటర్ రాడ్డు వచ్చింది, తర్వాత గీజరు వచ్చింది, కొందరి డాబాల మీదికి సోలార్ వచ్చింది. ఇప్పుడు కొత్తగా వినిపిస్తున్న పేరు హీట్ పంపు.

మా బృందంలో ఒకరి ఇంటికి ఈ మధ్యే ఒక అమ్మకందారు వచ్చారు. "కరెంటు ఖర్చు మూడో వంతుకు పడిపోతుంది, లక్ష రూపాయల యంత్రం, మూడేళ్లలో డబ్బు తిరిగొస్తుంది" అన్నారు. ఆ ఇంట్లో ఉండేది నలుగురు. బకెట్ స్నానాలే. కాగితం మీద లెక్క వేసి చూస్తే మొదటి మాట నిజం, చివరి మాట ఆ ఇంటి విషయంలో నిజానికి చాలా దూరం అని తేలింది. ఆ లెక్క అందరికీ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాం. ఎవరి ఇంటి అంకెలు వారు పెట్టుకుని చూసుకోవచ్చు.

అసలు ఇది ఎలా పనిచేస్తుంది?

పేరులోనే పంపు అని ఉంది. బావిలో పెట్టిన పంపు నీళ్లను పుట్టించదు, కింద ఉన్న నీళ్లను పైకి తోడుతుంది. హీట్ పంపు కూడా అంతే. వేడిని పుట్టించదు. బయటి గాలిలో ఉన్న వేడిని తోడి, ట్యాంకులోని నీళ్లకు చేరుస్తుంది. కరెంటు ఖర్చయ్యేది ఆ తోడే పనికి మాత్రమే.

ఇంట్లో ఫ్రిజ్ వెనక చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది కదా. లోపలి వేడిని లాగి బయటికి వదలడమే ఫ్రిజ్ చేసే పని. హీట్ పంపులోనూ ఉండేవి అవే భాగాలు: కంప్రెసర్, గొట్టాల్లో తిరిగే వాయువు, ఒక ఫ్యాను. తేడా ఏమిటంటే, ఇక్కడ వేడి మనకు కావలసిన సరుకు, చల్లగాలి బయటికి పోయేది.

మామూలు గీజరులో ఒక యూనిట్ కరెంటు పెడితే ఒక యూనిట్ వేడి వస్తుంది. అంతకు మించి రావడం సాధ్యం కాదు. హీట్ పంపులో ఒక యూనిట్ కరెంటుకు మన వాతావరణంలో సుమారు మూడు యూనిట్ల వేడి నీళ్లలోకి చేరుతుంది. కంపెనీ కాగితాల్లో సీఓపీ అని రాసేది ఈ అంకెనే. గాలి వెచ్చగా, తేమగా ఉంటే ఇది పెరుగుతుంది. గాలి చల్లబడితే తగ్గుతుంది. నీళ్లను మరీ ఎక్కువ వేడి చేయమంటే కూడా తగ్గుతుంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. యానాం, బరంపురం లాంటి తీర ప్రాంతాల్లో ఈ యంత్రం బ్రహ్మాండంగా పనిచేస్తుంది, కానీ అక్కడ వేన్నీళ్ల అవసరమే తక్కువ. కోరాపుట్, సెమిలిగుడ లాంటి కొండ ఊళ్లలో వేన్నీళ్లు లేనిదే శీతాకాలం గడవదు, కానీ తెల్లవారుజామున ఆ చలిగాలిలో యంత్రం సామర్థ్యం తగ్గుతుంది. రెండింటికీ మధ్యలో ఉండేవి బెంగళూరు, హోసూరు లాంటి ఊళ్లు. అక్కడ గాలి మరీ చల్లబడదు, ఏడాదిలో ఎక్కువ నెలలు వేన్నీళ్లు కావాలి.

ముందు మన ఇంటి వాడకం లెక్క

ఒక చిన్న సూత్రం గుర్తు పెట్టుకుంటే చాలు. లీటర్లను, పెంచాల్సిన డిగ్రీలతో గుణించి, 860తో భాగిస్తే కావలసిన యూనిట్లు వస్తాయి.

నలుగురున్న ఇల్లు. మనిషికి 20 లీటర్ల బకెట్ ఒకటి, అంటే 80 లీటర్లు. కుళాయి నీళ్లు 22 డిగ్రీలు, స్నానానికి కావలసింది 40 డిగ్రీలు. పెంచాల్సింది 18 డిగ్రీలు. 80ని 18తో గుణిస్తే 1,440. దాన్ని 860తో భాగిస్తే 1.7 యూనిట్లు. ట్యాంకులో, పైపుల్లో పోయే వేడి కూడా కలిపి రోజుకు 2 యూనిట్లు అనుకుందాం. నెలకు 60 యూనిట్లు.

యూనిట్ 7 రూపాయలు అనుకుంటే గీజరు ఖర్చు నెలకు 420 రూపాయలు. హీట్ పంపు పెడితే అదే పని 20 యూనిట్లతో, అంటే 140 రూపాయలతో అవుతుంది. మిగిలేది నెలకు 280 రూపాయలు. వేసవిలో చన్నీళ్లే పోసుకునే ఇల్లు కాబట్టి ఏడాదిలో 8 నెలలు లెక్క వేద్దాం. మొత్తం మిగులు 2,240 రూపాయలు.

యంత్రం ధర లక్ష అనుకుందాం. ఆ లక్షను 7 శాతం వడ్డీకి బ్యాంకులో వేస్తే ఏడాదికి 7,000 వస్తుంది. అంటే ఈ ఇంట్లో హీట్ పంపు మిగిల్చేది ఆ డబ్బు మీద వచ్చే వడ్డీలో మూడో వంతు కూడా కాదు. అసలు తిరిగి రావడానికి నలభై ఏళ్లకు పైగా పడుతుంది. యంత్రం అన్నేళ్లు ఉండదు. పది పన్నెండేళ్లు సవ్యంగా పనిచేస్తే మంచి యంత్రమే అనుకోవాలి.

కాబట్టి చిన్న కుటుంబం, బకెట్ స్నానాలు, ఒకటో రెండో బాత్‌రూములు ఉన్న ఇంటికి మా సలహా సూటిగా చెబుతాం: డబ్బు మిగులుతుందని హీట్ పంపు కొనవద్దు.

పెద్ద కుటుంబమైతే?

షోలాపూర్‌లో అన్నదమ్ములంతా ఒకే ఇంట్లో ఉండే కుటుంబాలు మనవాళ్లలో ఇంకా ఉన్నాయి. అలాంటి ఇల్లు ఒకటి తీసుకుందాం. పది మంది, షవర్ స్నానాలు, మనిషికి 35 లీటర్లు. మొత్తం 350 లీటర్లు. అక్కడ కుళాయి నీళ్లు కాస్త వెచ్చగానే ఉంటాయి కాబట్టి 15 డిగ్రీలు పెంచితే చాలు. లెక్క ప్రకారం రోజుకు 6.1 యూనిట్లు, వృథాతో కలిపి 7. నెలకు 210 యూనిట్లు. హీట్ పంపుతో 70. మిగిలేవి 140 యూనిట్లు.

మహారాష్ట్రలో ఇళ్లకు కరెంటు ధర 100 యూనిట్లు దాటగానే బాగా పెరుగుతుంది. పెద్ద ఇంట్లో గీజర్లు వాడుకునేది ఆ పై శ్లాబుల కరెంటే. అన్ని చార్జీలూ కలిపి యూనిట్ 11 రూపాయలు అనుకుంటే నెలకు 1,540, ఎనిమిది నెలలకు 12,320 మిగులుతుంది. ఇంత ఇంటికి సరిపడే యంత్రం లక్షన్నర అనుకుని, లేకపోతే కొనాల్సిన నాలుగు గీజర్ల ఖర్చు 40 వేలు తీసేస్తే అదనపు పెట్టుబడి లక్షా పది వేలు. వడ్డీ సంగతి పక్కన పెట్టినా తొమ్మిదేళ్లు.

ఇది ఆలోచించదగ్గ లెక్కే, కానీ పరుగెత్తి కొనాల్సినంత లాభం కాదు. ఇల్లు కొత్తగా కడుతుంటే, గీజర్లు ఎలాగూ కొనాల్సి ఉంటే, అప్పుడు చూసుకోవచ్చు. బాగా పనిచేస్తున్న గీజర్లను పీకేసి పెట్టడం మాత్రం దండగ.

మన సంఘాల హాస్టళ్లు, కల్యాణ మండపాలు

హీట్ పంపు నిజంగా పనికొచ్చేది ఇక్కడ. ఊరూరా మన పెద్దలు చందాలు వేసుకుని కట్టిన విద్యార్థి వసతి గృహాలు, సత్రాలు, మండపాలు ఉన్నాయి. 80 మంది పిల్లలున్న హాస్టల్ అనుకుందాం. మనిషికి 25 లీటర్లు, మొత్తం 2,000 లీటర్లు. 18 డిగ్రీలు పెంచాలంటే దాదాపు 42 యూనిట్లు, వృథాతో కలిపి 45. హీట్ పంపుకు 15 చాలు. రోజుకు 30 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 9 రూపాయలు అనుకుంటే 270 రూపాయలు. ఏడాదిలో 300 రోజులకు 81,000.

యంత్రం, ట్యాంకులు, పైపులు కలిపి 4 లక్షలు అయిందనుకున్నా ఐదేళ్లలో తిరిగొస్తుంది. ఆ తర్వాత ఏటా మిగిలే డబ్బుతో ఇద్దరు ముగ్గురు పేద పిల్లల ఫీజులు కట్టవచ్చు. డబ్బు కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. వేన్నీళ్లు సరిగా రాని హాస్టళ్లలో పిల్లలు గదుల్లో దొంగచాటుగా బకెట్లో రాడ్డు పెట్టుకుంటారు. తడి చేత్తో ఆ బకెట్ తాకితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అందరికీ సరిపడా వేన్నీళ్లు కుళాయిలో వస్తే ఆ ప్రమాదం తప్పుతుంది.

కల్యాణ మండపాల విషయంలో మాత్రం జాగ్రత్త. ముహూర్తాలున్న రోజుల్లోనే వాడకం ఉంటుంది. ఏడాదికి 50, 60 రోజులు మాత్రమే నడిచే మండపానికి ఈ పెట్టుబడి గిట్టదు.

రాష్ట్రాన్ని బట్టి మారే లెక్క

ఒకే యంత్రం ఒక రాష్ట్రంలో లాభం, ఇంకో రాష్ట్రంలో నష్టం కావచ్చు. కారణం కరెంటు బిల్లు వేసే పద్ధతి.

కర్ణాటకలో 2023లో గృహజ్యోతి వచ్చింది. అప్పటి నిబంధన ప్రకారం 2022-23లో మీరు వాడిన సగటుకు 10 శాతం కలిపి, 200 యూనిట్లకు మించకుండా ఉచితం. ఇప్పటికే సున్నా బిల్లు వస్తున్న ఇంట్లో హీట్ పంపు పెట్టి కరెంటు పొదుపు చేసినా మీ చేతికి వచ్చేది సున్నానే. కానీ 200 దాటితే మొత్తం బిల్లు కట్టాలి. గీజరు వల్లే చలికాలంలో 210, 220 అవుతున్న ఇల్లయితే ఆ పాతిక యూనిట్లు తగ్గించుకోవడం చాలా విలువైనది. దానికి లక్ష పెట్టనక్కర్లేదు, కింద చెప్పిన చిన్న పొదుపులు చాలు.

తమిళనాడులో బిల్లు రెండు నెలలకు ఒకసారి. మొదటి 100 యూనిట్లు ఉచితం అనే పద్ధతి 2016లో వచ్చింది. అక్కడ చూసుకోవాల్సింది 500 గీత. రెండు నెలల వాడకం దాన్ని దాటితే, కింది యూనిట్లకు కూడా కొంత రాయితీ పోతుంది.

ఒడిశాలో 50, 200, 400 యూనిట్ల దగ్గర శ్లాబులు మారతాయి. పై శ్లాబుల ధర కూడా మహారాష్ట్రతో పోలిస్తే తక్కువే. కరెంటు చౌకగా ఉన్నచోట పొదుపు చేసిన యూనిట్ విలువ కూడా తక్కువ. కోరాపుట్ చలిలో ఐదుగురికి 125 లీటర్లు, 12 నుంచి 40 డిగ్రీలకు పెంచాలంటే రోజుకు 4 యూనిట్లు. ఆ చలిలో సీఓపీ రెండున్నర అనుకుంటే నెలకు 72 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 5 రూపాయల చొప్పున 360. అది కూడా ఆ చలి ఉన్న నెలల్లోనే.

యానాం పుదుచ్చేరి కిందికి వస్తుంది కాబట్టి పక్కనే ఉన్న కాకినాడ బిల్లుతో మీ బిల్లును పోల్చుకోకండి. పైగా యానాంలో వేన్నీళ్లు కావలసింది ఏడాదిలో కొన్ని వారాలు, లేదా ఇంట్లో బాలింతకో, ముసలివాళ్లకో. దానికి చిన్న గీజరు చాలు. సముద్రపు ఉప్పుగాలికి బయట పెట్టే యంత్రం రేకులు తొందరగా తుప్పు పడతాయన్నది కూడా గుర్తుంచుకోవాలి.

సోలార్ ఉంటే ఏం చేయాలి?

డాబా మీద సోలార్ వాటర్ హీటర్ ఇప్పటికే పనిచేస్తుంటే దాన్ని కదిలించవద్దు. ఎండ ఉన్నన్ని రోజులు అది ఒక్క పైసా కరెంటు తినదు. ముసురు పట్టిన రోజులకు ఒక చిన్న గీజరు తోడుగా ఉంటే సరిపోతుంది. కొత్తగా పెట్టుకునేవారికి కూడా, డాబా మీద చోటు, హక్కు రెండూ ఉంటే సోలార్ వాటర్ హీటర్ హీట్ పంపు కంటే చాలా చౌక.

కరెంటు పుట్టించే సోలార్ పలకల సంగతి వేరు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 2 కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000, ఆపైన 3 కిలోవాట్లు లేదా ఎక్కువకు మొత్తం 78,000 రూపాయల కేంద్ర సబ్సిడీ నిర్ణయించారు. ఆ పలకలు ఉన్న పెద్ద ఇంట్లో హీట్ పంపును పగటిపూట నడిపి, ట్యాంకులో వేడి నిల్వ చేసుకోవచ్చు. ఫ్లాటులో ఉండేవారికి, డాబా మీద హక్కు లేనివారికి సోలార్ కుదరదు. హీట్ పంపుకు ఉన్న ఒక నిజమైన సౌలభ్యం ఇక్కడే. దానికి ఎండ అక్కర్లేదు, గాలి చాలు.

పెట్టే చోటు చూసుకోండి

200 లీటర్ల ట్యాంకు నిండితే నీళ్ల బరువే 200 కిలోలు. యంత్రం బరువు అదనం. బాల్కనీ స్లాబు దాన్ని మోయగలదా అని ఇంజనీరును అడగాలి. గోడకు తగిలించే గీజరులా ఇది ఎక్కడైనా ఇమిడేది కాదు.

గాలి ఆడే చోటు కావాలి. మూసిన చిన్న గదిలో పెడితే అది వదిలే చల్లగాలినే మళ్లీ పీల్చుకుంటుంది, సామర్థ్యం పడిపోతుంది. ఫ్యాను చప్పుడు ఉంటుంది కాబట్టి మీ పడకగది కిటికీ పక్కనా, పక్కింటివారి కిటికీ పక్కనా వద్దు. ఏసీకి లాగే నీళ్లు కారతాయి, వాటికి దారి చూడాలి.

నీళ్లు వేడెక్కడానికి సమయం పడుతుంది. గీజరులా పది నిమిషాల్లో తయారు కాదు, ట్యాంకు నిండా వేడెక్కడానికి మూడు నాలుగు గంటలు పట్టవచ్చు. అందుకే చాలా యంత్రాల్లో తొందరకు వాడేందుకు మామూలు హీటర్ కాయిల్ కూడా పెడతారు. అది ఎప్పుడూ ఆన్‌లో ఉందంటే మీరు లక్ష పెట్టి గీజరు కొన్నట్టే. బిల్లు తగ్గలేదని బాధపడేవారు ముందుగా చూసుకోవాల్సింది ఇదే.

బాత్‌రూము దూరంగా ఉంటే ఇంకో నష్టం. అరంగుళం పైపులో మీటరుకు 180 మిల్లీలీటర్ల దాకా నీళ్లు నిలుస్తాయి. 20 మీటర్ల దూరమైతే వేన్నీళ్లు వచ్చేలోగా మూడున్నర లీటర్లు పారబోయాలి. ఆ పైపులకు పైన వేడి పోకుండా తొడుగు వేయించాలి.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో సున్నం పేరుకోవడం అందరికీ తెలిసిందే. హీట్ పంపు ట్యాంకుకూ ఆ బాధ తప్పదు. ట్యాంకు తుప్పు పట్టకుండా లోపల ఉండే మెగ్నీషియం కడ్డీ అరిగిపోతే మార్పించాలి.

కొనే ముందు అడగాల్సినవి

యంత్రం బాగు చేసే మనిషి మీ ఊళ్లో ఉన్నాడా, లేక 200 కిలోమీటర్ల దూరం నుంచి రావాలా? రాయగడలోనో, చంద్రపూర్‌లోనో ఉండేవారికి ధర కంటే ఇదే ముఖ్యం. కంప్రెసర్‌కు ఎన్నేళ్లు, ట్యాంకుకు ఎన్నేళ్లు గ్యారంటీ? కాగితం మీద రాసిన సీఓపీ ఎంత చలిలో, ఎంత వేడి నీళ్లకు కొలిచింది? బిగించే ఖర్చు, పైపుల ఖర్చు ధరలో కలిసే ఉన్నాయా? ఈ జవాబులు నోటిమాటగా కాక రాతపూర్వకంగా తీసుకోండి. గ్యారంటీ కాగితం అర్థం కాకపోతే చదువుకుంటున్న పిల్లలతో చదివించుకుని, అప్పుడే సంతకం చేయండి.

అద్దె ఇంట్లో ఉంటే అసలు వద్దు. ఇల్లు మారినప్పుడు గీజరు విప్పి పట్టుకెళ్లవచ్చు, దీన్ని పట్టుకెళ్లడం పెద్ద పని.

లక్ష పెట్టకుండా చేయగలిగినవి

గీజరు వేడిని 60 నుంచి 50కి తగ్గించండి. స్నానానికి పావుగంట ముందు వేసి, అయ్యాక ఆపండి. ఇంట్లో అందరూ వెంటవెంటనే స్నానాలు ముగిస్తే ట్యాంకులో వేడి వృథా కాదు. గీజరు పాతబడి మార్చాల్సి వస్తే స్టార్లు ఎక్కువున్నది తీసుకోండి. షవర్ బదులు బకెట్ వాడితే సగం నీళ్లు, సగం వేడి మిగులుతాయి.

ఇంకొక్క మాట. ఖర్చు తగ్గుతుందని గ్యాస్ గీజరును గాలి రాని బాత్‌రూములో పెట్టుకునేవారు ఉన్నారు. తలుపు మూసుకుని స్నానం చేస్తుంటే దాని నుంచి వచ్చే విషవాయువుకు వాసన ఉండదు, రంగు ఉండదు. మనిషి స్పృహ తప్పి పడిపోయేదాకా తెలియదు. ఎన్నో ప్రాణాలు ఇలా పోయాయి. అది ఉన్నవారు వెంటనే బాత్‌రూము బయట, గాలి ఆడే చోటికి మార్పించుకోండి. ఈ వ్యాసంలో మిగతావన్నీ డబ్బు లెక్కలు, ఇది ఒక్కటే ప్రాణం లెక్క.

హీట్ పంపు మంచి యంత్రమే. నీళ్లు ఎక్కువ వాడేచోట, ఏడాది పొడుగునా వాడేచోట, కరెంటు ధర ఎక్కువున్నచోట అది డబ్బు తిరిగిస్తుంది. ఈ మూడింట్లో రెండు లేని ఇంటికి అది భారమే. మీ పోయిన జనవరి కరెంటు బిల్లు తీసి, పక్కన పెన్ను పెట్టుకుని, పైన చెప్పిన 860 లెక్క ఒకసారి వేయండి. అమ్మకందారు తలుపు తట్టే లోపే మీ జవాబు మీ దగ్గర ఉంటుంది.